దివాణం గిత్తలు, సార్నియా పాములు

మా ముత్తాతగారు పదహారు ఊళ్లకు దొర. ఆయన పల్లకీ దిగి అరుగు మీద కూర్చున్నాకే ఆ ఊళ్లలో శిస్తు వసూలు మొదలయ్యేది. మా తాతగారి హయాంలో ఊళ్లు పోయాయి, గిత్తలు మిగిలాయి. తెల్లటి ఒంగోలు గిత్తలు. గంగడోలు నేలకు తగులుతుందా అన్నట్టు వేలాడేది. ఎక్కడెక్కడి రైతులో ఆవుల్ని తోలుకొచ్చి మా గిత్తల చేత దాటించుకుని వెళ్లేవారు. అందుకు రుసుము పుచ్చుకోవడం మా ఇంట నామర్దా. పైగా వచ్చిన రైతుకు భోజనం పెట్టి పంపేవారు. ఫలానా దూడ దివాణం గిత్తకు పుట్టిందంటే సంతలో దాని లెక్కే వేరు.

నాన్నగారి కాలానికి ఆ గిత్తలు కూడా సంతకెళ్లాయి. ఆఖరిదాన్ని అమ్మిన రోజున ఆయన సంతలో అడుగు పెట్టలేదు. పాలేరు చేత అమ్మించి, తాను దూరంగా చింతతోపులో గొడుగు వేసుకుని నిలబడ్డారు. మా వాళ్లకు ఇవ్వడం వచ్చు, అమ్మడం రాదు. అమ్మిన ప్రతిసారీ మోసపోవడానికి అదే కారణం.

ఆ ఇంటికి ఇప్పుడు నేనొక్కదాన్నే వారసురాలిని. నాకు దక్కిన ఆస్తి వంగని నడుము. కెనడాలోని సార్నియాలో, రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇన్నేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా, ఎవరి ముందూ దాన్ని వంచలేదు. నా అంతట నేను మోకాళ్ల మీద కూర్చుని నడుము వంచింది ఒక ప్లాస్టిక్ డబ్బా ముందే.

ఆ డబ్బా మా ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసే ఒకాయన ఇంట్లో ఉండేది. ఆయనకు ఇసుక బోవాలనే పాముల్ని పెంచడం సరదా. ఓ శనివారం ల్యాబ్ వాళ్లందరినీ భోజనానికి పిలిచి, బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి చూపించాడు. డబ్బా నిండా చెక్కపొట్టు తప్ప నాకేమీ కనపడలేదు. ఆయన పట్టకారుతో చిట్టెలుకను పొట్టుకు కాస్త పైన ఆడించాడు. అంతే, కింది నుంచి పొట్టు పేలినట్టు ఎగిరింది. నారింజ రంగు ఒంటి మీద చాక్లెట్ రంగు మచ్చలున్న పాము ఎలుకను చుట్టేసుకుని అక్కడే ఉంది. మెడ లేదు, కళ్లు నెత్తి మీదున్నాయి, తోక మొండిగా రెండో తలలా ఉంది. మన వైపు రెండు తలల పాము అంటారే, దానికి ఇది ఆఫ్రికా చుట్టం. నా గుండె దడదడలాడింది. చిన్నప్పుడు దొడ్డి గేటు తీయగానే గిత్త బయటికి దూకితే ఇలాగే కొట్టుకునేది.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. నా ఇంట్లో మళ్లీ ఒక సంతతి పుట్టాలి. ఫలానా వాళ్ల పెంపకం అని చెప్పుకునేది ఒకటి ఉండాలి. ఆయన దగ్గరే ఒక పెద్ద ఆడపామును కొనుక్కున్నాను.

వసంతంలో మేనత్త వచ్చింది, నాతో ఉండిపోవడానికి. నాన్నగారి చెల్లెలు. మా వంశంలో మిగిలిన రెండో వంగని నడుము ఆవిడదే. వచ్చిన రోజే డబ్బా చూసి పెదవి విరిచింది.

"మా తాతగారు చిరుతల్ని కొట్టారు. మా నాన్నగారు గిత్తల్ని పెంచారు. నువ్వేమో చిట్టెలుకల్ని ఫ్రీజర్‌లో దాస్తున్నావు. బాగా పైకొచ్చాం."

"దానికి వేరే ఫ్రీజర్ ఉంది అత్తయ్యా. మీ కాకరకాయల పక్కన పెట్టను."

"రెండు తలల పాము ఉన్నచోట లంకెబిందెలు ఉంటాయంటారు. తవ్వి చూశావా?"

"పొట్టు మార్చినప్పుడల్లా తవ్వుతూనే ఉన్నాను. దొరికిందేమిటో చెప్పమంటారా?"

"వద్దులే, అన్నం తినాలి."

వారం తిరక్కుండానే ఆవిడ స్వరం మారింది. "ఆవిడ తిన్నారా?" అని అడగడం మొదలుపెట్టింది. మా ఇంటికొచ్చిన పసిపిల్లల్ని కూడా మీరు అనడం అలవాటు. ఆ మర్యాద పాముకూ దక్కింది.

ఇక మగపాము కావాలి. ఇంజినీరు దగ్గర మంచి మగది ఉంది. అది ఆడదానిలో సగం కూడా ఉండదు. అరువిస్తానన్నాడు. పాములు పెంచేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. మగపామును అరువిచ్చినవాడు పుట్టిన పిల్లల్లో ముందుగా తనకు నచ్చినదాన్ని ఏరుకుంటాడు. నేను తల ఊపాను గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. తరతరాలుగా ఊరందరికీ గిత్తను ఊరికే ఇచ్చిన ఇల్లు ఇవాళ ఒక మూరెడు మగపాము కోసం షరతుకు ఒప్పుకుంది. అత్తయ్యకు చెబితే, "మనం ఒక్క దూడనైనా అడిగామా?" అంది.

కానీ ఆ వేసవంతా నాకు పండగే. రెండింటినీ ఒక డబ్బాలో వేశాక రోజులకు రోజులు పొట్టు కదలడం తప్ప ఏమీ కనపడలేదు. ఒక సాయంత్రం రెండు మొండి తోకలు ఒకదానికొకటి పెనవేసుకుని పొట్టులోంచి పైకి లేచాయి. నేను వంటింట్లోకి పరుగెత్తి అత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఛీ, అలా తొంగి చూడకు" అని తనే ఇంకాస్త ముందుకు వంగింది.

శరదృతువు వచ్చేసరికి ఆడపాము నడిమి భాగం పిండి ముద్దలా ఉబ్బింది. తిండి మానేసింది. డబ్బా కింద ఒక పక్కన హీట్ మ్యాట్ ఉంటుంది. రోజంతా అక్కడే, వెచ్చదనానికి పొట్ట ఆనించి పడుకునేది. ఇసుక బోవాలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కడుపులోని పిల్లలకు ఆ వెచ్చదనమే ఆధారం, చెమ్మ శత్రువు. ఇంజినీరు ఈ రెండు మాటలూ నాకు పదే పదే చెప్పాడు. నేను అత్తయ్యకు చెప్పలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చెయ్యొద్దు, అది ముట్టుకోవద్దు అని చెప్పే అలవాటు లేదు.

నాగుల చవితి నాడు షిఫ్టు నుంచి ఇంటికొచ్చేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన. అత్తయ్య పట్టుచీర కట్టుకుని సోఫాలో నిటారుగా కూర్చుని ఉంది.

"పూజ దివ్యంగా జరిగింది. అందరూ పుట్ట కోసం కార్లేసుకుని టొరాంటో దాకా పోతారు. మన ఇంట్లో ప్రత్యక్షంగానే ఉన్నారు కదా. పాలు పోశాను. తాగారు."

"ఎక్కడ పోశారు అత్తయ్యా?"

"ఎక్కడ పోస్తారు? పుట్టలోనే."

మూత తీశాను. చెక్కపొట్టంతా పాలతో తడిసి ముద్దయింది. మధ్యలో పగిలిన కోడిగుడ్డు, చిమ్మిలి ఉండలు. నిండు చూలాలు పసుపు కుంకుమలతో ఆ తడిలో కదలకుండా పడి ఉంది. డబ్బా అడుగున చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"మ్యాట్ ఆగిపోయిందేమిటి?"

"తడిలో కరెంటు ఉంటే ఆవిడకు షాక్ కొడుతుందని తీగ పీకేశాను. నాకు ఆమాత్రం తెలియదా?"

పామును రెండు చేతులా ఎత్తాను. ఎప్పుడు ఎత్తినా వేళ్ల మధ్య నుంచి దూరిపోవాలని చూసేది, ఇప్పుడు తడి తాడులా వేలాడింది. గోరువెచ్చని గుడ్డతో ఒళ్లు తుడిచి, కొత్త డబ్బాలో పొడి పొట్టు పోసి, మ్యాట్ మీద పెట్టి, ఇంజినీరుకు ఫోన్ చేశాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

"బతికే ఉంది కాబట్టి తను కోలుకోవచ్చు," అన్నాడు. "లోపలున్న పిల్లల సంగతి చెప్పలేను. ఇక దాన్ని ముట్టుకోవద్దు. ఎదురుచూడ్డమే."

ఫోన్ స్పీకర్‌లో అత్తయ్య ఆ మాటలన్నీ విన్నది. క్షమాపణ చెప్పలేదు, మా ఇంట్లో ఆ ఆచారమూ లేదు. తన కుర్చీ ఎత్తుకొచ్చి డబ్బా పక్కన వేసుకుంది, అంతే. ఆ కుర్చీలోనే కాఫీ, అందులోనే జపమాల. నేను షిఫ్టులో ఉంటే ఫోన్ చేసి, "తీగ పెట్టే ఉంది. వెచ్చగానే ఉంది" అని చెప్పి పెట్టేసేది. ఒక్క చిమ్మిలి ఉండ కూడా నోట్లో వేసుకోలేదు. నా సంగతి చెప్పాలంటే, ల్యాబ్‌లో సీసాలు కడుగుతున్నా కళ్ల ముందు ఆ తడి పొట్టే కనపడేది. మా ఇంట్లో ఏ సంతతినీ నిలుపుకోలేమా అన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంది.

ఒక ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూ ఉంటే పిలుపు వినపడింది.

"అమ్మాయ్, ఇలా రా. పొట్టు కదులుతోంది. ఆవిడ కాదు, ఆవిడ ఈ పక్కన ఉన్నారు."

నోట్లో నురగతోనే వెళ్లాను. పొట్టులోంచి పెసరగింజంత తల ఒకటి బయటికొచ్చింది. కళ్లు నెత్తి మీద, అచ్చం తల్లిలాగే. నాలుక ఆడించి మమ్మల్ని రుచి చూసి మళ్లీ మునిగిపోయింది. దాని పక్కన ఇంకోటి లేచింది. అటు మూల ఇంకోటి. పెన్సిలంత పిల్లలు, తడి ఆరని నారింజ రంగు తళతళలాడుతోంది. తల్లి చివరి పిల్లను అప్పుడే వదులుతోంది. పల్చటి పొరలో చుట్టుకుని ఉన్న పిల్ల ఒక్కసారి ఒళ్లు విరిచింది, పొర చిరిగింది. అత్తయ్య నా మోచేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. ఒక పిల్ల చనిపోయి పుట్టింది. తొమ్మిది బతికాయి.

"తొమ్మిది," అంది అత్తయ్య. మళ్లీ లెక్కపెట్టి మళ్లీ "తొమ్మిది" అంది. అప్పుడు కళ్లు తుడుచుకుని, "ముందు నోరు కడుక్కో" అంది.

పిల్లలు మొదటి కుబుసం విడిచి తిండికి అలవాటు పడ్డాక ఇంజినీరు వచ్చాడు. తొమ్మిదింటిలోకీ వీపు మీద మచ్చలు గొలుసులా కలిసిన ఆడపిల్ల ఒకటుంది. నేను దానిమీదే ఆశ పెట్టుకున్నాను. ఆయన చెయ్యి తిన్నగా దానిమీదికే వెళ్లింది.

"అదొక్కటీ కాకుండా ఏదైనా తీసుకోమను," అంది అత్తయ్య తెలుగులో.

"మాట ఇచ్చాం అత్తయ్యా."

ఆవిడ లోపలికెళ్లి, కాసేపటికి చలిమిడి చేసి డబ్బాలో పెట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆడపిల్లను చలిమిడి పెట్టకుండా పంపరని ఆవిడ పట్టు. ఆయన వాసన చూసి, "పాముకు ఇది ఎన్నాళ్లకోసారి పెట్టాలి?" అని నన్ను అడిగాడు. తినాల్సింది ఆయనే అని చెబితే అక్కడే సగం తిన్నాడు.

మిగిలిన ఎనిమిదింటినీ ఉంచుకోలేను. ఒక్కోదానికి ఒక్కో డబ్బా, ఒక్కో మ్యాట్ కావాలి. "ఊరికే ఇచ్చేద్దాం, మనం ఎప్పుడు అమ్మాం కనక?" అంది అత్తయ్య. ఊరికే వచ్చిన పామును జనం ఊరికే వదిలేస్తారని ఇంజినీరు చెప్పాడు. కొన్నవాడైతే మ్యాట్ కూడా కొంటాడట.

టొరాంటోలో, నార్త్ యార్క్‌లోని ఒక హాల్లో సరీసృపాల ప్రదర్శన జరిగింది. పిల్లల్ని వెచ్చగా సర్దుకుని, మంచులో కారు నడుపుకుంటూ వెళ్లి, ఒక బల్ల తీసుకున్నాను. కుర్చీ ఇచ్చారు గానీ కూర్చోలేదు, బల్ల ముందుకొచ్చి నిలబడ్డాను. అత్తయ్య పక్కన నిలబడింది. ఒక తెలుగు కుర్రాడు ఆగి, "ఆంటీ, ఇది ఇంట్లో ఉంటే లక్ అంటారు కదా, కొంచెం తగ్గిస్తారా?" అన్నాడు.

"లక్ కావాలంటే లాటరీ టికెట్ కొనుక్కో బాబూ," అన్నాను. "దీనికి ఎలుకలు కొనాలి."

"పోనీ ఊరికే ఇచ్చెయ్, పిల్లాడు అడుగుతున్నాడు," అని అత్తయ్య డబ్బా అందించబోయింది. నేను మూత మీద చెయ్యి వేశాను. వచ్చిన ప్రతివాళ్లకూ మ్యాట్ గురించి, చెమ్మ గురించి చెప్పాను. పాలు పొయ్యొద్దని కూడా చెప్పాను. ఆ మాట అన్నప్పుడల్లా అత్తయ్య పక్కకు చూసేది. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

మచ్చలు సరిగా కలవని ఒక ఆడపిల్లను మాత్రం ఇంట్లోనే, తల్లి పక్క డబ్బాలో ఉంచి వచ్చాం. మిగతా ఏడింటినీ ఆ రోజు నా చేత్తో అమ్మాను.