డ్రిల్లు మాస్టారి బండికి వేసిన తెలుపు

అది 2023 వేసవి. నందిగామలో బస్టాండు దాటాక రోడ్డు పక్కనే నా పెయింటింగ్ షెడ్డు. పైన రేకులు, ముందు ఎండ పడకుండా కట్టిన నీలం టార్పాలిన్, లోపల ఒక కంప్రెసర్, స్టిక్కర్లు కోసే చిన్న మిషను. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. గరికపాడు చెక్‌పోస్టు నుంచి కంచికచర్ల దాకా ఎవరి బండికి గీత పడినా, పాత రంగులో కలిసిపోయేలా ప్యాచ్ కొట్టాలంటే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. విజయవాడలో రంగులు కంప్యూటర్ కలుపుతుంది, ఇక్కడ యేసుపాదం కన్ను కలుపుతుంది అని ఒక లారీ ఓనరు ఎప్పుడో అన్నాడు. ఆ మాటని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పుకుని తిరిగేవాణ్ణి.

నాకొక అలవాటు ఉంది. రంగు కలిపాక పుల్లతో కొద్దిగా పైకెత్తి, ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తాను. టేపు గీత వంకర పోయిందేమో చూసేటప్పుడూ అంతే. మా గురువు అలాగే చూసేవాడు, నాకూ అదే వచ్చింది. ఎందుకని ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

ఆ వేసవిలోనే, స్కూళ్ళకి ఇంకా సెలవులు ఇవ్వకముందు, ప్రకాష్ వచ్చాడు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. పాతికేళ్ళుంటాయి. సెకండ్ హ్యాండులో నల్లటి స్పోర్ట్స్ బైక్ కొన్నాడు. దాన్ని రేస్ రెప్లికా చేయాలన్నాడు. అంటే రేసుల్లో తిరిగే బండికి ఏ రంగులు, ఏ గీతలు, ఏ నంబరు ఉంటాయో అచ్చం అలాగే మన బండికీ పెట్టడం. అతను తెచ్చిన ఫోటోలో బండి తెల్లగా ఉంది, పక్కల నీలం పట్టీలు, ముందు పదిహేడో నంబరు.

"మేం ఆరుగురం ఫ్రెండ్సండి, బాబాయ్ గారూ. ఆరు బళ్ళకీ ఇదే డిజైను. మిగతా అయిదూ విజయవాడలో చేయించేసారు. నన్నూ అక్కడికే రమ్మన్నారు. మా వైపు అక్కడికంటే బాగా చేసే ఆయన ఉన్నాడని పందెం వేసినట్టు చెప్పి వచ్చా. ఆదివారం అందరం కలిసి సాగర్ వెళ్తన్నాం."

"పక్కన పెడితే ఏది ఎవరిదో వాళ్ళే గుర్తుపట్టలేరు, పో" అన్నాను.

పని మామూలుగానే మొదలైంది. ఫెయిరింగులు, అంటే ఇంజనుకి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగులు, ఊడదీశాను. నీళ్ళలో తడిపి వాడే గరుకు కాగితంతో రుద్ది, అడుగు పూతగా ప్రైమర్ కొట్టి ఆరబెట్టాను. తర్వాత తెలుపు. డబ్బాలో వచ్చే తెలుపు నాకు ఎప్పుడూ నచ్చదు, కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. బట్టలకి నీలిమందు పెట్టినట్టు దాంట్లో ఒకటి రెండు చుక్కలు నీలం వేస్తే ఆ ఛాయ విరిగిపోతుంది. ఈమధ్య డబ్బాల్లో సరుకు మరీ నాసిగా వస్తున్నట్టుంది, రెండు చుక్కలు చాలక ఏడెనిమిది వేయాల్సి వస్తోంది. వేశాను. పుల్ల ఎత్తి చూసుకున్నాను. పాలలా ఉంది.

గురువారం బండి బిగించి, చివరి పనిగా ముందు ముక్కు మీద నంబరు అతికించాను. నంబరు వినైల్ మీద ఉంటుంది. వినైల్ అంటే స్టిక్కరు చేసే ప్లాస్టిక్ పొర, రంగు ఫ్యాక్టరీలోనే వేసి చుట్టలుగా వస్తుంది. తెల్లటి చదరం, మధ్యలో నీలం అంకెలు. తెల్ల ముక్కు మీద ఆ తెల్ల చదరం కనిపించకుండా కలిసిపోయి, అంకెలు మాత్రమే తేలాలి. నాకేమో చదరం మురికి పట్టినట్టు పసుపుపచ్చగా కనిపించింది.

స్కూలు అయ్యాక ప్రకాష్ వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"స్టిక్కరు పాత సరుకు, పచ్చబడింది. మారుస్తాలే" అన్నాను నేనే ముందుగా.

"స్టిక్కరు బానే ఉందండి. బండే నీలంగా ఉంది."

"నీలం పట్టీలు నువ్వు చెప్పినవేగా."

"పట్టీలు కాదండి. తెలుపు. తెలుపే నీలంగా ఉంది."

నాకు నవ్వొచ్చింది. తెలుపు నీలంగా ఉండటమేమిటి? పైన టార్పాలిన్ చూపించాను. దాని నీడ పడుతోందన్నాను. అతనికి నమ్మకం కుదరలేదని మొహంలో తెలిసిపోతోంది. సరేనని నిచ్చెన వేసి టార్పాలిన్ మొత్తం విప్పేశాను. ఎండ నేరుగా బండి మీద పడింది. ఇద్దరం నిలబడి చూశాం. అతనికి ఇంకా నీలంగానే ఉంది. నాకు తెల్లగానే ఉంది. కానీ నాలుగడుగులు వెనక్కి వేసి చూసినప్పుడు ఒక్క క్షణం నాకూ ఏదో నీలి ఛాయ తగిలినట్టైంది. దగ్గరికి వచ్చి, ఎడమ కన్ను మూసి చూస్తే మళ్ళీ పాలే.

ప్రకాష్ సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఒక కాగితం చింపి బండి ముక్కు మీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పండి బాబాయ్ గారూ."

"కాగితం కూడా పచ్చగానే ఉంది. చవక కాగితం."

"ఇందాకే కొన్న పుస్తకమండి."

ఆ కుర్రాడు గొంతు పెంచలేదు. నేనే పెంచాను. ముప్పై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నవాడికి తెలుపేదో నేర్పుతావా అన్నాను. అతను తల వంచుకుని, "నాకు కనపడేది చెప్తన్నానండి, అంతే" అన్నాడు. అతను వెళ్ళాక విజయవాడలో వినైల్ అమ్మే అతనికి ఫోన్ చేసి పచ్చబడ్డ సరుకు అంటగట్టావని తిట్టాను. శుక్రవారం పొద్దున బస్సులో కొత్త చుట్ట వచ్చింది. అదీ పచ్చగానే ఉంది. పక్కన మొబైల్ రిపేరు షాపు అతన్ని పిలిచి ఏది తెలుపో చెప్పమన్నాను. అతను నా మొహం చూసి, బండి చూసి, "రెండూ బానే ఉన్నయ్యండి" అని వెళ్ళిపోయాడు. పిచ్చి నాకో, ప్రకాష్‌కో నాకు అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం పాత పుట్టీ గీకుతుంటే ఆ పొడి కుడి కంట్లో పడింది. నీళ్ళు కొట్టుకుని, తడి తువ్వాలు ఆ కంటికి అదుముకుని, రెండో కంటితో దారి చూసుకుంటూ బండి పక్కనుంచి వస్తున్నాను. ఆగిపోయాను. బండి నీలంగా ఉంది. ఎక్కడో ఛాయగా కాదు, పొద్దుటి ఆకాశంలా ఉంది. దాని ముక్కు మీద నంబరు చదరం మల్లెపూవులా తెల్లగా మెరుస్తోంది.

తువ్వాలు ఎడమ కంటికి మార్చాను. బండి తెలుపైంది, చదరం పచ్చబడింది. మళ్ళీ మార్చాను. అలా ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. నాకు భయం వేసింది. ఒక మనిషికి రెండు కళ్ళు రెండు మాటలు చెబితే ఏది నమ్మాలి? కుడి కన్ను నాకు అన్నం పెట్టిన కన్ను. అది అబద్ధమాడుతోందని ఎలా అనుకోను? కళ్ళు పోతున్నాయేమో, ఇంక పని అయిపోయిందేమో అనిపించి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

అన్నానికి ఇంటికి వెళ్ళి మా ఆవిడ సలోమికి చెప్పాను. ఆదివారం గుడికి వేసుకునే చొక్కా తెచ్చి నా ముందు పరిచి, ఏ రంగని అడిగింది. కుడి కంటితో చూసి తెలుపన్నాను.

"ఏడాది నుంచీ చొక్కాలు పచ్చగా ఉంటన్నయ్యని నామీద గయ్యిమంటన్నారు. మీ గోల పడలేక నీలిమందు దట్టిస్తన్నా. గుళ్ళో ఆడాళ్ళు మీ ఆయన నీలం చొక్కాలే వేస్తాడేంటని అడుగుతన్నారు." ఆమె చొక్కా మడత పెట్టింది. "ఆ అబ్బాయికి చెప్పారా?"

చెప్పలేదు. చెప్పాలని కూడా అనుకోలేదు. దాచేయడం తేలిక. తెలుపు మళ్ళీ కొట్టి, డబ్బా బాగోలేదని ఒక మాట అనేస్తే సరిపోతుంది. చెబితే మటుకు ఆ మాట ఆరు బళ్ళ మీద ఎక్కి ఊరూరా తిరుగుతుంది. యేసుపాదానికి రంగు ఆనడం లేదంటే నా షెడ్డుకి వచ్చేదెవరు?

కానీ కొత్త తెలుపు కలపడానికి కూర్చుంటే నా వల్ల కాలేదు. కుడి కన్ను ఇంకో చుక్క వేయమంటుంది, ఎడమ కన్ను వద్దంటుంది. ఎడమ కన్ను మాత్రం నిజం చెబుతోందని ఏమిటి నమ్మకం? పొద్దు వాలుతుండగా ప్రకాష్ వచ్చాడు. పుల్ల చేతిలో పట్టుకుని జరిగినదంతా అతనికి చెప్పేశాను. నిన్న అరిచినందుకు తప్పు నాదేనన్నాను. సిగ్గుగా ఉంది.

అతను బండి వైపు చూశాడు. పందెం పోయిందనుకుంటున్నాడేమో అనుకున్నాను. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"రేపు స్కూలుకి సెలవు పెడతా. మీరు కలపండి, నేను చూస్తా. నాకు కలపడం రాదు, చూడ్డం వచ్చు."

శనివారం పొద్దున్నే తొడుగులు మళ్ళీ ఊడదీసి, రుద్ది, రంగు కలపడానికి కూర్చున్నాం. కొత్త డబ్బా మూత తీసి, తెలుపు పోసి, హార్డెనర్ కలిపాను. అది రంగు త్వరగా గట్టిపడటానికి వేసే మందు. నా చేయి దానంతటదే నీలం సీసా మీదికి వెళ్ళింది.

"వద్దండి" అన్నాడు ప్రకాష్.

"ఒక్క చుక్క."

"అసలేం వద్దండి. ఇదే తెలుపు."

డబ్బాలో ఉన్నది ఉన్నట్టే. నాకు మాత్రం అది పాత గోడ సున్నంలా కనిపిస్తోంది. రంగు చిమ్మే స్ప్రే గన్ను చేతిలోకి తీసుకున్నాను గానీ, ట్రిగ్గర్ నొక్కడానికి మనసొప్పలేదు. నాకు తప్పుగా కనిపిస్తున్న రంగుని నా చేత్తో నేను ఎప్పుడూ కొట్టలేదు. అతను ముక్కుకి గుడ్డ కట్టుకుని పక్కనే నిలబడి, "కొట్టండి బాబాయ్ గారూ, నేనున్నాగా" అన్నాడు. కొట్టాను. రెండు పూతలు కొట్టి, ఆరాక పట్టీలు, నంబరు పెట్టి, పైన క్లియర్ కోట్, అంటే మెరుపు కోసం వేసే పారదర్శకమైన పూత కూడా వేశాను. గీతలు మాత్రం నేనే చూసుకున్నాను. గీత ఏ కంటికైనా గీతే.

ఆదివారం మధ్యాహ్నం ఫోటో పంపాడు. ఆరు బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అతనిది ఏదో చెప్పమని సలోమిని అడిగాను. ఆమె ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. తెలియట్లేదంది. ఆ మాటకి నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

తర్వాతి వారం విజయవాడ కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందనీ, ఎడమ కంట్లో ఇప్పుడిప్పుడే మొదలైందనీ చెప్పారు. శుక్లం ముదిరితే కంటికి పసుపు అద్దం పెట్టినట్టేనట. ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పినప్పుడు నర్సమ్మ వేసుకున్న కోటు చూసి, ఇంత తెలుపు లోకంలో ఉందా అనుకున్నాను.

నెల తిరిగాక అసలు సంగతి తెలిసింది. కంచికచర్లలో బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు మీద పోయే తెల్ల బళ్ళలో నావి నాకు దూరం నుంచే తెలిసిపోతున్నాయి. ఒక ఆటో టాపు, ఒక టాటా ఏస్ బండి, ఒక స్కూటరు, అన్నీ లేత నీలమే. ఏడాదిన్నర పాటు నేను కొట్టిన తెలుపంతా నీలమే. ఒక్క మనిషి కూడా వచ్చి అడగలేదు. పెద్దవాణ్ణని మొహమాటపడ్డారనుకున్నాను.

పరిటాల ఊరి వెంకటేశ్వరరావు గారి పాల వ్యాను అక్కడే ఆగి ఉంది. అదీ నా పనే. ఆయన దగ్గరికి వెళ్ళాను.

"రావు గారూ, ఈ వ్యాను ఏ రంగండీ?"

"తెలుపు."

"సరిగ్గా చూసి చెప్పండి."

ఆయన అనుమానంగా నావైపు చూశాడు. "నువ్వే గదయ్యా తెలుపన్నావ్. నాకు మొదట్నించీ నీలంగానే కనపడింది. నువ్వేమో పాలకంటే తెల్లగా ఉందని అంత గట్టిగా చెప్తివి. రోజూ పాలు చూసేవాణ్ణి, నాకే కళ్ళు దెబ్బతిన్నయ్యేమోనని భయపడి చూపించుకున్నా." జేబులోంచి కళ్ళజోడు తీసి చూపించాడు. "ఇది పెట్టుకున్నా నీలంగానే ఉంది. ఇంక వయసులే అని ఊరుకున్నా."

వాళ్ళు మొహమాటపడి ఊరుకోలేదు, నా మాట నమ్మి తమ కళ్ళని అనుమానించారు. ప్రకాష్ ఒక్కడే తన కంటిని వదులుకోలేదు. తప్పు రంగు గీకి మళ్ళీ కొట్టొచ్చు. నేను అంత ఖాయంగా చెప్పి మనుషులకి పుట్టించిన అనుమానాన్ని ఎలా గీకాలో ముప్పై ఏళ్ళ పనిలో నేను నేర్చుకోలేదు. అప్పట్నుంచి రంగు కలిపి కస్టమరుకి చూపిస్తాను. అది ఏ రంగో వాళ్ళు చెప్పేదాకా నేను నోరు విప్పను.

ఆ వ్యానుని వారంలో మళ్ళీ కొట్టి ఇచ్చాను. తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు వెంకటేశ్వరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి దాని చుట్టూ తిరిగాడు. ఆఖరికి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"తెలుపేగా?"

"మీరే చెప్పాలండి" అన్నాను.

ఆయన చెప్పలేకపోయాడు.