బుర్రలోనే ఉందంట

ఈ మాటను ఏళ్ల తరబడి గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలీదు, అదే నయం.

మేం బతుకుతెరువుకి బెంగాల్ చేరిన తెలుగువాళ్లం. మా అమ్మ అక్కడ భవానీపూర్‌లో కార్పొరేషన్ వీధులు ఊడ్చేది. నడుం నొప్పి ఎంతకీ తగ్గలేదు. ఎక్స్‌రే తీస్తే ఎముకలో ఏమీ కనబడలేదు. ఇక చూడాలి మా వాళ్ల నోళ్లు! పని ఎగ్గొట్టడానికి నాటకమన్నారు. వంగి వంగి ఊరంతా ఊడ్చిన మనిషి, తన నడుం నొప్పెడుతోందని ఎవరికి సాక్ష్యం చూపించాలి? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మకి బెంగాలీ బజారు మాటలకి మించి రాదు. నేను బెంగాలీ బడిలో చదివి అప్పుడే కాలేజీలో చేరాను. అందుకే డాక్టరు నాతోనే మాట్లాడాడు. ఏళ్ల తరబడి నొప్పి పడితే మెదడులోనే మార్పు వస్తుందట. నడుంలో దెబ్బ మానినా మెదడు ఆ నొప్పిని వదలదట. నటన కాదని, "న్యాకామి నయ్" అని గట్టిగా చెప్పాడు. పని మాన్పించి వైద్యం చేయిస్తే ఆ మార్పు కొంతైనా వెనక్కి తిరగొచ్చన్నాడు.

పని మాన్పించి. అక్కడే నా గుండె జారింది. అమ్మ ఇక పని చేయలేదని తేలితే ఆ ఉద్యోగం పెద్దపిల్లకి రాయించడం మా కాలనీలో మామూలే. పెద్దపిల్లని నేనే. చదువు మానేసి చీపురు పట్టాలి.

బయటికొచ్చాక అమ్మ అడిగింది.

"ఏటన్నాడే డాకటరు?"

"ఏటీ లేదంట. నొప్పంతా నీ బుర్రలోనే ఉందంట."

"బుర్రలోనా? అంటే నాకు పిచ్చంటాడేటే?"

నేను డాక్టరు చీటీ మడిచి సంచిలో పెట్టేశాను.

చూశారా నా తెలివి? ఆయన మెదడన్నాడు, నేను బుర్రన్నాను. అబద్ధమాడానని ఎవరూ పట్టుకోలేరు. అంత పెద్ద మాటను కాలేజీ పిల్ల నోటికి అప్పజెప్పిన డాక్టరుదే తప్పని చాలాకాలం తిట్టుకున్నాను. ఎవర్ని మోసం చేస్తున్నాను? నాకు బాగా అర్థమైంది, అర్థమైంది కాబట్టే మార్చాను.

అమ్మ రిటైరయ్యేదాకా ఊడ్చింది. ఇంట్లో మళ్లీ నొప్పి ఊసెత్తలేదు. నేను డిగ్రీ చేసి ఏసీ గదిలో కూర్చున్నాను. ఆ కుర్చీలో నా నడుం పట్టేస్తే బామ్ రాసేది కూడా అమ్మే!

మొన్న స్నానాలగది ముందు గోడ పట్టుకుని నిలబడిపోయింది. పరిగెత్తుకెళ్లాను. నన్ను చూసి సిగ్గుపడింది.

"ఏటీ లేదే. నా బుర్రే, సెప్తే ఇనదు."

తన నొప్పికి నాకు సంజాయిషీ చెప్తోంది. నాకు! గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆ డాక్టరు అలా అనలేదమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. బామ్ సీసా తెచ్చిచ్చాను.

అమ్మకి చదవడం రాదు. అందుకే కాబోలు ఇలా రాయగలుగుతున్నాను. పిరికిదాన్ని. అయినా ఈ మాట ఒక్కచోటైనా ఉండనివ్వండి. మా అమ్మ నొప్పి నిజం. డాక్టరు చెప్పాడు. నేను విన్నాను.