మిరపకాయలు ఎండే నెలలో ఒక డెమో క్లాసు

గుంటూరు లేడీస్ హాస్టల్లో నాతో ఉండే అమ్మాయి కంప్యూటర్ కోర్సు కోసం హైదరాబాదు వెళ్ళిపోయాక, రెండో మంచం మీద ఉతికిన బట్టలు పరచడం మొదలుపెట్టాను. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చదివి ఒకే ఏడాదిలో రెండు బళ్ళు మానేసిన మనిషిని. నెలాఖరులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే తెనాలిలో అన్నయ్య ఇంటికి వచ్చేయాలని ఇంట్లో తేల్చేశారు. అక్కడ నాకు ముందుగదిలో సోఫా ఉంటుంది, వదిన సీరియళ్ళు అయ్యేదాకా దాని మీద పడుకోవడానికి వీల్లేదు. అందుకే వినుకొండ అవతల ఒక చర్చి బడిలో ఇంగ్లీషు టీచరు కావాలని తెలిసినప్పుడు జీతం కూడా అడక్కుండా డెమో క్లాసుకు వస్తానన్నాను. అలాంటి ఊళ్ళకు కొత్తగా వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఆ రోజు సంగతి రాస్తున్నాను.

పొద్దున్నే ఆరు గంటల వినుకొండ బస్సెక్కాను. టికెట్టు నలభై చిల్లర. నరసరావుపేట దాకా కూర్చోవడానికి చోటు దొరకదు, తర్వాత సగం బస్సు ఖాళీ అవుతుంది. పత్తి ఏరేసిన చేలల్లో వట్టి కట్టె నిలబడి ఉంది. వాటి పక్కన మిరప కళ్ళాలు, చదును చేసిన నేల మీద చూపు ఆనినంత దూరం ఎర్రగా పరిచిన కాయలు. అద్దాలు మూసినా ఘాటు గొంతులోకి వస్తుంది. బస్సులో అందరూ ఒక్కసారే దగ్గి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. నాకు తోడు ఎవరూ లేరు కాబట్టి కిటికీ వైపు తిరిగి దగ్గాను.

వినుకొండ నుంచి ఊరికి షేర్ ఆటో, మనిషికి పది రూపాయలు. నిండితేగానీ కదలదు కాబట్టి ముప్పావుగంట ముందే చేరుకోవడం మంచిది. డ్రైవరు నా చేతిలో సంచి చూసి, "బడికా అండీ?" అన్నాడు. అవునన్నాను.

"క్రిస్మస్ సెలవులకి ఒక మేడంని పెట్టెతో సహా ఎక్కించుకొచ్చా. మళ్ళీ రాలేదు," అన్నాడు. "మీరు పెట్టె తేలేదుగా, మంచిపని."

ఆటోలో ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఏడో తరగతి సగం ఖాళీగా ఉంది. మిగతా పిల్లలు కాయ కోతకు పోయారట. పెద్ద టీచరు సుగుణమ్మగారు వెనక కుర్చీలో కూర్చున్నారు. షరతు వాక్యాలు చెప్పమన్నారు. అన్ని పుస్తకాల్లో ఉండే మొదటి ఉదాహరణే నేనూ ఎత్తుకున్నాను. 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అని బోర్డు మీద రాసి, మిగతా సగం మీరు చెప్పండి అన్నాను.

ఎవరూ నోరు తెరవలేదు. అర్థం కాలేదేమోనని, "వాన వస్తే మీరేం చేస్తారు?" అని తెలుగులో అడిగాను. తలలన్నీ వంగిపోయాయి. ఉద్యోగం అక్కడికక్కడే పోయిందనుకున్నాను.

ముందు బల్లలోంచి రహీమా అనే అమ్మాయి లేచింది. "మేడం, ఆ మాట అనమాకండి. కళ్ళంలో కాయలున్నయ్యి."

"బోర్డు మీద ఉంటే ఏమవుతుంది?"

"ఏమో, మా అమ్మ తిడుద్ది," అంటూనే వచ్చి అరచేత్తో ఆ మాట తుడిచేసింది.

"తుడవనివ్వండమ్మా," అన్నారు సుగుణమ్మగారు. "కాయ ఎండి బస్తాలకెక్కేదాకా ఈ ఊళ్ళో ఆ మాట ఎవరూ అనరు. తడిస్తే తెల్లబడి తాలు కింద సగం ధరకు పోతాయి. ఏడాది కష్టం."

నా ఉదాహరణ మానేసి, మీ ఇళ్ళలో సంగతులే చెప్పండి అన్నాను. అప్పుడు మొదలుపెట్టారు. ఇఫ్ మదర్ గోస్ టు కోత, ఐ విల్ కుక్ రైస్. ఇఫ్ లారీ కమ్స్, ఫాదర్ విల్ గో టు గుంటూరు యార్డ్. వెనక బల్లలోంచి ప్రభుదాసు లేచి, చేతులు కట్టుకుని, "ఇఫ్ న్యూ టీచర్ కమ్స్, షి విల్ గో," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

"ఒరేయ్, నోర్ముయ్యి," అంది రహీమా.

"వాక్యంలో తప్పేం లేదు, కూర్చో," అన్నాను. సుగుణమ్మగారు నవ్వలేదు.

మధ్యాహ్నం ఆవిడ వడ్డించిన పప్పన్నం తింటుండగా వినుకొండ వైపు ఆకాశం నల్లబడింది. ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే లేచి గంట కొట్టారు. అది బడి గంట కాదు, చర్చి గంట. ఆగకుండా మోగింది. పిల్లలు పలకరింపు కూడా లేకుండా తలో దారిన కళ్ళాలకు పరిగెత్తారు. నేను రహీమా వెనక వెళ్ళాను. వాళ్ళమ్మ సైదాబీ టార్పాలిన్ పట్టా ఒక మూల నా చేతిలో పెట్టి, "గట్టిగా లాగమ్మా, పెళ్ళికొచ్చినట్టు పట్టుకుంటావేంది," అంది. కాయల మీద పట్టా కప్పి చుట్టూ రాళ్ళు పెట్టాం.

"బోర్డు మీద రాసింది నువ్వేనంటగా?" అంది సైదాబీ.

"తుడిచేశామండీ."

"తుడిచారు గనక సరిపోయింది. లేకపోతే నిన్ను ఆటో కూడా ఎక్కనిచ్చేవాళ్ళం కాదు."

నాలుగు చినుకులు పడ్డాయి, మబ్బు కనిగిరి వైపు వెళ్ళిపోయింది. ఎవరి కళ్ళం దగ్గర వాళ్ళు పట్టా అంచు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఏ పట్టా మీద కూర్చోవాలో తెలియక నేను గట్టు మీద నిలబడ్డాను. చెమట తుడుచుకోబోయి కంట్లో చెయ్యి పెట్టుకున్నాను. ఆ మంట వల్ల ఒక మేలు జరిగింది. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగలేదు.

పిల్లలు మళ్ళీ బడికి రాలేదు. చర్చి మెట్ల మీద సుగుణమ్మగారు నా కళ్ళకు మజ్జిగలో తడిపిన గుడ్డ ఇచ్చి, "గది ఈ వెనకే. ఆదివారం తప్ప ఇటు మనిషి రాడు. సెల్లు పలకదు. ఉంటారా?" అన్నారు.

"ఉంటానండి."

"ఇక్కడ కూర్చుని అందరూ అదే అన్నారమ్మా. జూన్‌లో రమ్మంటే జూన్‌లో వస్తారు, బడి కళకళలాడుతుంటుంది. కాయల రోజులు రాగానే బడి ఖాళీ అయ్యి, ఒంటరిగా భయమేసి పోతారు. మీరు ఇప్పుడే రండి, వచ్చే సోమవారం. సగం బల్లలకే పాఠం చెప్పండి. ఇప్పుడు ఉండగలిగితే ఎప్పుడైనా ఉంటారు."

తిరుగు బస్సులో సీటు దొరికింది, పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడు రోజుల తర్వాత ఇది రాస్తున్నది గుంటూరులో నెట్ సెంటర్ నుంచి. గదికి వెళితే రెండో మంచం మీద బట్టలు తప్ప ఏమీ ఉండవు. ఆ చర్చి వెనక గదిలో కూడా ఎవరూ ఉండరు, ఆ విషయంలో నాకు భ్రమలు లేవు. అయితే అక్కడ మబ్బు పట్టినప్పుడు గంట మోగుతుంది, ఎవరో ఒకరు నా చేతిలో పట్టా మూల పెట్టి తిడతారు. ఇక్కడ వాన వస్తే కిటికీ మూసుకోవడమే. ఆ ఒక్క తేడా కోసం వెళుతున్నాను. ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు. మొన్న సాయంత్రం పెట్టె కొన్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఊరి నుంచి వినుకొండకు ఆఖరి ఆటో సాయంత్రం ఐదున్నరకే వెళ్ళిపోతుంది. అదే రోజు తిరిగి రావాలనుకునేవాళ్ళు దాన్ని తప్పిపోనివ్వకండి.