మేయరు గారి పేరు మీద బుర్గుల్ చేసిన ఫోన్లు

బుర్గుల్ అసలు పేరు వాల్‌బుర్గా జెంక్. పందొమ్మిదో ఏట ఆవర్‌స్టైన్ మునిసిపల్ భవనంలో టెలిఫోను ఆపరేటరుగా చేరింది. ఊరి లైన్లన్నీ కలిసే బోర్డు ఆ భవనంలోనే, మెట్లెక్కగానే ఎడమచేతి గదిలో ఉండేది. మనిషి పొట్టి, చేతులు మాత్రం మహా చురుకు. ఎవరి గొంతయినా ఒక్క దగ్గుతో గుర్తుపట్టేది. పన్నెండు కిలోమీటర్ల అవతల మెటెన్‌రీడ్‌లో ఇలాంటి బోర్డు ముందే కూర్చునే క్రెసెన్జ్ ఆమెకు ప్రాణ స్నేహితురాలు. ఏళ్ల తరబడి రోజూ కబుర్లే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది మాత్రం లేదు.

ఎగాన్ రిట్‌వేగర్ అప్పట్లో అదే భవనంలో న్యాయ విభాగంలో చిన్న అధికారి. ఆమె గది గుమ్మం దగ్గరే నిలబడి, "వీలైతే ఒక లైను ఇప్పిస్తారా అండీ" అని అడిగేవాడు. 1933 మార్చిలో గోధుమరంగు చొక్కాల పార్టీ దండువాళ్లు వచ్చి, జనం ఎన్నుకున్న ముసలి మేయరును నెత్తిన టోపీ అయినా పెట్టుకోనివ్వకుండా మెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు. నెల తిరక్కుండా ఆ కుర్చీలో రిట్‌వేగర్ కూర్చున్నాడు, కోటుకు పార్టీ బిళ్లతో. మొదటిరోజు బోర్డు మీద మేయరు గది లైను దీపం వెలిగింది.

"మేయర్ని మాట్లాడుతున్నాను! లైను ఇవ్వండి, త్వరగా!"

ఆ గొంతు తనకు తెలిసిన గొంతేనా అని బుర్గుల్ ఒక్క క్షణం తెల్లబోయింది.

అయినా అప్పట్లో ఆమె ఒళ్లూ పులకరించిన మాట నిజం. నది మీద కొత్త వంతెన, బ్యాండు మేళం, వీధివీధికీ జెండాలు! వంతెన ప్రారంభం నాడు మేయరు అందరి ముందూ ఆమె చేయి పట్టుకుని ఊపి, "మన ఊరి గొంతు ఈవిడే" అన్నాడు. నెల్లాళ్లపాటు కనిపించిన వాళ్లందరికీ ఆ ముచ్చటే చెప్పుకుంది.

1940లో ఒక కాగితం వచ్చింది. యూదుల ఇళ్లలో ఫోను ఉండకూడదు. చేతి తొడుగుల వ్యాపారి యూలియస్ ఓటెన్‌హైమర్ లైను తీసేయాలి. కింద మేయరు సంతకం. బుర్గుల్ పైకి వెళ్లింది.

"అయ్యా, ఆయన భార్యది గుండె జబ్బు. డాక్టర్ని పిలవాలంటే ఎట్లా?"

"చట్టం నేను రాశానా తల్లీ? మీ పని మీరు చూసుకోండి."

ఆమె కిందికి వచ్చి ఆ తీగను తన చేత్తోనే పీకేసింది. రెండేళ్లకు, రైలెక్కించి పంపాల్సిన నలభై ముగ్గురు యూదుల పేర్లను మేయరు అదే బోర్డు మీదుగా పోలీసులకు చదివి వినిపించాడు. తొమ్మిదో పేరు ఓటెన్‌హైమర్‌ది, పదోది ఆయన భార్యది. చెవిలో అన్నీ పడుతూనే ఉన్నాయి. బుర్గుల్ లైను తెంచలేదు.

1945 ఏప్రిల్‌లో ఒక గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు, మెటెన్‌రీడ్ దీపం వెలిగింది.

"ఒసే బుర్గుల్! అమెరికా వాళ్లు మా గదిలోనే ఉన్నారే! నా పక్కనే నిలబడి ఏదో నములుతున్నాడొకడు!"

"నిజంగానా?"

"ఒట్టు! రెండింటికల్లా మీ ఊరు తెల్లజెండాలు ఎత్తాలట. లేకపోతే ఫిరంగులు పేలుస్తారట. పరిగెత్తి మీ మేయర్ని పట్టుకో!"

బుర్గుల్ నేలమాళిగలోకి రెండేసి మెట్లు దూకుతూ దిగింది. బంగాళాదుంపల బస్తాల మధ్య, సర్దిన సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని రిట్‌వేగర్ కూర్చుని ఉన్నాడు.

"నేను లేనని చెప్పండి."

"వాళ్లడిగేది మీరున్నారా లేదా అని కాదయ్యా. ఊరు ఉండాలా వద్దా అని!"

"గ్రోల్ పైనే ఉన్నాడు. తెల్లగుడ్డ కనబడితే ఆ ఇంటివాళ్లని కాల్చేస్తానన్నాడు. నన్ను మాత్రం వదులుతాడా?"

గ్రోల్ అంటే పార్టీ జిల్లా నాయకుడు. రెండో అంతస్తులో పిస్తోలు బల్ల మీద పెట్టుకుని, చివరి మనిషి దాకా పోరాడాలని ఊరికి ఉత్తర్వులు రాయిస్తున్నాడు. బుర్గుల్ బోర్డు దగ్గరికొచ్చి ముక్కు పట్టుకుంది. పార్టీ ప్రాంతీయ కార్యాలయం సెక్రటరీ ముక్కుగొంతును పన్నెండేళ్లుగా వింటోంది. అచ్చం ఆ గొంతుతోనే గ్రోల్ గదికి ఫోను కలిపింది.

"గ్రోల్ గారా? పై నుంచి ఆజ్ఞ. జిల్లా నాయకులందరూ తక్షణం నది దాటి తూర్పుకు రావాలి. తక్షణం!"

అవతల ఒక్క నిట్టూర్పు వినిపించింది. ఆ పిలుపు కోసమే కాచుకున్నవాడిలా, "చిత్తం!" అన్నాడు గ్రోల్. అయిదు నిమిషాల్లో అతని కారు వంతెన దాటి దుమ్ములో కలిసిపోయింది. బుర్గుల్‌కు నవ్వూ ఏడుపూ కలిసి పొంగుకొచ్చాయి.

"క్రెసెన్జ్! మా మేయరు ఒప్పుకున్నారని చెప్పు!"

తర్వాత వంతెన కాపలా గదికి కలిపింది. పాత తుపాకులతో అక్కడున్న ముసలివాళ్లకు రొట్టెల కొట్టు యజమాని నాయకుడు.

"మేయరు ఆజ్ఞ. తుపాకులు నదిలో పారేసి ఇళ్లకు పొండి."

"ఆజ్ఞ మేయరుదా, నీదా బుర్గుల్?"

"నాదే."

"అట్లా చెప్పు, అయితే నమ్ముతాను! ఒరేయ్, పదండ్రా ఇంటికి!"

ఇక ఆమె చేతులు బోర్డు మీద పరుగులు తీశాయి. పాస్టరు, మందుల షాపు, మాంసం కొట్టు, మంత్రసాని. "దుప్పట్లు కట్టండి! మీ వీధంతా చెప్పండి! గ్రోల్ పోయాడు, నిజంగా పోయాడు!" మంత్రసాని అయితే ఫోను పెట్టకుండానే కిటికీలోంచి వీధివాళ్లను కేకేసింది. రెండింటికి పది నిమిషాలుండగా బుర్గుల్ తల బయటికి పెట్టి చూసింది. బజారు వీధి పొడుగునా దుప్పట్లు, బల్లగుడ్డలు, లోలంగాలు! ఒక్క గుండు పేలలేదు. ట్యాంకులు గడగడలాడుతూ ఊళ్లోకి వచ్చాయి.

అప్పుడు రిట్‌వేగర్ పైకొచ్చాడు. కోటుకు బిళ్ల లేదు. భవనం మెట్ల మీద నిలబడి అమెరికా అధికారికి వంగి నమస్కరించి, "ఊరిని మీకు అప్పగిస్తున్నాను" అన్నాడు. ఫొటో కూడా తీశారు.

రెండేళ్ల తర్వాత పాత పార్టీవాళ్లను విచారించే సభలో అతని వకీలు ఆ ఫొటోనే చూపించాడు. ఊరిని కాపాడిన మేయరట! సాక్ష్యానికి బుర్గుల్‌ను పిలిచారు. హాలంతా కిక్కిరిసి ఉంది.

"ఆ రోజు ఆయన బంగాళాదుంపల మధ్య కూర్చున్నారు" అంది. హాలంతా గొల్లున నవ్వింది. "నవ్వకండి. ఓటెన్‌హైమర్ గారి లైను తీయమని సంతకం పెట్టింది ఆయన. తీసింది నేను. నలభై మూడు పేర్లు చదివింది ఆయన. విని ఊరుకున్నది నేను. ఒక్క మనిషీ తిరిగి రాలేదు. దుప్పట్ల సంగతి రాసుకుంటే ఇది కూడా రాసుకోండి."

"మీరు మేయరు పేరు వాడుకోవచ్చని ఎవరైనా చెప్పారా?" అన్నాడు వకీలు.

"ఎవరూ చెప్పలేదు. ఆ తెగింపు అయిదేళ్ల ముందే వచ్చుంటే బాగుండేది."

వెనక వరుసలో రొట్టెలాయన లేచి నిలబడ్డాడు. "ఆమె మాట నిజం! వంతెన దగ్గర నేనున్నాను!" మంత్రసాని లేచింది. ఆ పైన హాల్లో సగం మంది లేచి ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. అధ్యక్షుడు గంట కొట్టీ కొట్టీ అలిసిపోయాడు.

రిట్‌వేగర్‌ను గాలివాటున పోయినవాడని తేల్చి, చిన్న జరిమానాతో వదిలేశారు. కానీ ఊరిని కాపాడాడన్న మాటను మాత్రం తీర్పులోంచి కొట్టేశారు. ఆ కొట్టివేత చదివి వినిపించినప్పుడు బుర్గుల్ బల్లను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మర్నాడు ఎనిమిది గంటలకు మామూలుగానే పనిలోకి వెళ్లింది.