చదివింపుల్లో లేని కళాయి

మొన్న అనంతపురంలో స్టీలు సామాన్ల అంగడికి వెళ్ళాను. పక్కింటి అమ్మాయి పెళ్ళి దగ్గరపడింది. నలుగురితో పాటు నేనూ ఏదో ఒక గిన్నె కొనేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. అంగడతను పేర్లు చెక్కే చిన్న యంత్రాన్ని గిన్నె అంచుకి ఆనించాడు. జుయ్యిమంటూ ఆ చప్పుడు నా పళ్ళలోకి దిగింది. "పేరు చెప్పండమ్మా, నిమిషంలో అయిపోతుంది" అన్నాడు. పేరు చెప్పబోయాను. చెవిలో వేరే చప్పుడు మొదలైంది. టిక్... టిక్... టిక్. చిన్న ఉలి మీద చిన్న సుత్తి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక ఊపిరి. దాని వెంటే ఎర్రగా కాలిన ఇత్తడి మీద నవాసాగరం పొడి చల్లినప్పుడు లేచే ఘాటైన తెల్ల పొగ. ఆ ఏసీ అంగట్లో ఆ పొగ ఎక్కడినుంచి వస్తుంది? అయినా నా ముక్కు మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

ఆ చప్పుడు కాసీం చిన్నాయనది. మాది కంబదూరు దగ్గర గుట్టల నడుమ ఒక చిన్న పల్లె. ఆయన ఇత్తడి పాత్రలకు కళాయి పెట్టేవాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒక మట్టిగోడ. మా నాయనను "అన్నా" అనేవాడు కాబట్టి నాకు చిన్నాయన. అంతకు మించిన చుట్టరికం మా ఇద్దరికీ ఎప్పుడూ అవసరం పడలేదు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చేదెక్కుతుంది, మనిషికి వాంతులవుతాయి. అందుకే ఏడాదికోసారైనా ప్రతి ఇంటి తపేలా ఆయన ముందు బోర్లపడాల్సిందే. తిత్తితో బొగ్గులు రాజేసి, పాత్రను కాల్చి, పొడి చల్లి, తగరం కడ్డీని అలా తాకించి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పేవాడు. పసుపు పచ్చని పాత్ర లోపల కళ్ళముందే తెల్లగా మెరిసిపోయేది. ఎనిమిదో తరగతి దాకా చదివి, ఊళ్ళో నాకన్నా తెలిసినవాళ్ళు లేరనుకునే నేను, అది మాత్రం నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆయనకు చదువు రాదు. అందుకని పాత్రల మీద పేర్లు చెక్కేవాడు కాదు, చుక్కలు కొట్టేవాడు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇచ్చిపుచ్చుకునే పాత్రలు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మావి వరసగా మూడు చుక్కలు. ఎదురింటి ఓబులమ్మత్తవి నాలుగు, చదరంగా. ఆయన ఇంటి గుర్తు ఒకే ఒక్క చుక్క. "ఇదేంది చిన్నాయనా, నీకు మాత్రం ఒకటే?" అని అడిగాను ఒకసారి. "నా ఇంట్లో ఉండేదే ఒక గిన్నె. దానికి ఇంకెన్ని కావల్ల?" అని పకపకా నవ్వాడు. పాత్రను చూడడం నాకు నేర్పింది కూడా ఆయనే. సంతలో తళతళలాడే చెంబు కొని తెచ్చి ఆయనకు గొప్పగా చూపించాను. తిప్పి చూసి, వేలితో కొట్టి, "అంచు చూసి కొన్న్యావు పాపా. అడుగు చూడల్ల. మంట తగిలేది ఆడ" అన్నాడు. నెలకే అది చిల్లు పడింది. ఆయన మాత్రం మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కళాయి కేకలతో పదునెక్కిన గొంతు కాబట్టి, ఊళ్ళో ఏ పెళ్ళయినా చదివింపులు అరవడం ఆయన పనే. ఎవరు తెచ్చిన పాత్రనైనా చేతిలోకి తీసుకుని, ఠంగుమని ఒక్కసారి మోగించి, "ఫలానా ఇంటి నుంచి... ఇత్తడి బిందే!" అని సాగదీసేవాడు. సొట్ట పాత్ర తెచ్చినా ఆయన నోట అది బంగారమయ్యేది. మేనమామ తపేలా పెట్టాలి, మేనత్త బిందె పెట్టాలి, ఇరుగుపొరుగు చెంబో పళ్ళెమో పెట్టాలి. ఆ పద్ధతి ఎవరూ రాసి పెట్టింది కాదు, ఎవరూ తప్పింది కాదు.

అరవైల మొదట్లో నా పెళ్ళి కుదిరింది, ఉరవకొండ దిక్కు వాళ్ళతో. వానలు ముఖం చాటేసి అది మూడో ఏడు. ఊరి బావి అడుగున బురద కూడా ఎండి నెర్రెలిచ్చింది. వంకలో ఇసుక తోడి చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పతో ఎత్తి పోసుకుంటే బిందె నిండడానికి సగం పొద్దు పట్టేది. అమ్మ మాత్రం ఎవరింటి నుంచి ఏ పాత్ర వస్తుందో వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ ఉండేది. నేనూ తక్కువ తినలేదు. అత్తగారింటికి వెళ్ళే బండిలో ఇత్తడి ఇంతెత్తున పేర్చి ఉండాలని, ఎండకది మెరుస్తుంటే ఉరవకొండ వాళ్ళు బిత్తరపోవాలని కలలు కన్నాను.

పెళ్ళి దగ్గరపడేకొద్దీ ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి తల తిప్పుకోవడం మొదలుపెట్టారు. నన్ను ఎత్తుకుని పెంచిన ఓబులమ్మత్త కూడా, "ఆ పొద్దు నేను పుట్టింటికి పోవల్ల పాపా, పనుండాది" అంది నేల చూపులు చూస్తూ. నాకు తల కొట్టేసినట్టయింది. ఏం తప్పు చేశామని ఊరు మమ్మల్ని వెలివేస్తోందో అర్థం కాక ఏడుస్తూ కూర్చున్నాను. అప్పుడు కాసీం చిన్నాయన వచ్చి మా వసారాలో గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు" అన్నాడు మా నాయనతో.

"చెప్పప్పా."

"ఈ వారంలో ఏడిండ్లోళ్ళు పాత గిన్నెలు తెచ్చినారు నా దగ్గరికి. చుక్కలు చెరిపి మెరుగు పెట్టియ్యమంటాండారు, మన పాప పెండ్లికి. వాళ్ళు దినామూ వండుకునే గిన్నెలన్నా అవి. అవి ఈడ చదివిచ్చి రేపు దేంట్లో వండుకుంటారు? ఆ గిన్నె కూడా లేనోళ్ళు, సిగ్గుపడి ఆ పొద్దు ఊరిడిసి పోతామంటాండారు."

నాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "నాకు గిన్నెలెందుకప్పా" అన్నాడు. "పెండ్లివారు వస్తే కాళ్ళకియ్యను నీళ్ళు లేవు. వంటకు నీళ్ళు లేవు. నిలిపేద్దామా అని చూస్తాండా."

చిన్నాయన గడ్డం గోక్కున్నాడు. "అయితే నీళ్ళే చదివిద్దాం. బిందె నిండా తెచ్చి పొయ్యమను. ఖాళీ బిందె ఎవురిది వాళ్ళే ఇంటికి తీసుకపోతారు."

లోపలినుంచి వింటున్న నేను ఆగలేకపోయాను. పెళ్ళికూతుర్నన్న సంగతి కూడా మరిచి బయటికొచ్చి విరుచుకుపడ్డాను. "అందురి పెండ్లిళ్ళల్లో బిందెలరిచినావు, నా పెండ్లిలో నీళ్ళరుస్తావా చిన్నాయనా? మా అత్తకేం చూపియ్యల్ల నేను? తడిసిన కొంగా?"

నాయన గద్దించబోతే చిన్నాయన చెయ్యెత్తి ఆపాడు. "చూపిచ్చేదానికి కాదు పాపా. నీ పెండ్లికి ఊరంతా తలెత్తుకోని రావల్ల. అంతే" అన్నాడు. నేను మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయాను.

పెళ్ళినాడు తెల్లవారేసరికి పందిరి ముందు ఆడవాళ్ళు బారు తీరారు. ఎప్పుడు లేచి వంకకు పోయారో, ఒక్కొక్కరి చీర కుచ్చిళ్ళకు ఇసుక అంటుకుని ఉంది. అందరికంటే ముందు ఓబులమ్మత్త. చిన్నాయన తలపాగా సర్దుకుని, ఇత్తడికి ఎంత గొంతు ఎత్తేవాడో అంతే ఎత్తి, "ఓబులమ్మ ఇంటి నుంచీ... బిందె నిండా నీళ్ళూ!" అన్నాడు. ఒక్కో బిందే పందిట్లో పెట్టిన పెద్ద కాగులోకి ఒంపుతుంటే ఆ చప్పుడుకు పిల్లలు కూడా నోరు మూసుకుని చూశారు. ఊరి చివర ఒంటరిగా ఉండే సుంకమ్మవ్వ బిందె మోయలేక చెంబుతో తెచ్చింది. వెనక నిలబడి పోదామా వద్దా అని చూస్తుంటే, ఆయన పిలిచి ముందుకు తెచ్చి, "సుంకమ్మవ్వ ఇంటి నుంచీ... చెంబు నిండా నీళ్ళూ!" అని అందరికన్నా పొడుగ్గా అరిచాడు. ఆ అవ్వ తలెత్తి చుట్టూ చూసింది. బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

మా అత్తగారు మొదట, "ఇవేం చదివింపులు?" అని చెవులు కొరికింది. ఎవరో చెలమల సంగతి చెప్పారు. ఆమెదీ ఎండిన ఊరే కదా, చప్పున అర్థమైంది. లేచి తన వాళ్ళవైపు తిరిగి, "చేతులు కడుక్కునే పేరుతో ఒక్క చుక్క పారబోసినారంటే ఊరుకోను" అంది. పెళ్ళికొడుకు కాళ్ళు కడిగేటప్పుడు అయ్యవారు ఉద్ధరిణెడు చాలన్నా వినకుండా నాయన చెంబు మొత్తం పోశాడు. పోస్తూ ఏడ్చాడు.

ఇంత జరుగుతున్నా నా మనసు కరగలేదని చెప్పుకోడానికి ఈ వయసులో కూడా సిగ్గుగా ఉంది. పీటల మీద కూర్చుని ఖాళీ బండినే తలుచుకుంటున్నాను. చదివింపులు అయిపోయాక ఎవరో, "ఏమప్పా కాసీమూ, అందురివీ అరిచినావు, నీదేది?" అని ఆటపట్టించారు. "పొద్దున్నుంచి నా గొంతు అరగలేదా? అదే నాది" అన్నాడాయన నవ్వుతూ. నేను నోరు జారాను. "గొంతు ఊరికే వస్తాది" అన్నాను, పక్కనున్న పిల్లతో, కానీ వినబడేటట్టే. చిన్నాయన నవ్వు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ నవ్వాడు.

అమ్మ తన పాత తపేలానే నాకు పెట్టింది. మర్నాడు బండి కట్టే ముందు చిన్నాయన దాన్ని తీసుకొచ్చాడు. కొత్త కళాయితో లోపలంతా నా ముఖం కనిపిస్తోంది. మెడ చుట్టూ బయట చుక్కలే చుక్కలు. నీళ్ళు తెచ్చిన ప్రతి ఇంటి గుర్తూ, సుంకమ్మవ్వవి రెండు చుక్కలతో సహా, వచ్చిన వరసలోనే కొట్టాడు. ఒక్క ఇల్లు మరిచిపోలేదు. ఆయన ఒక్క చుక్క మాత్రం ఎక్కడా లేదు. నేను తిప్పి తిప్పి చూశాను కూడా. "పొయ్యొస్తా చిన్నాయనా" అన్నాను. "నేను తప్పు మాట అన్నాను" అన్న ముక్క మాత్రం చెప్పలేదు. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

అత్తగారింట్లో ఆ తపేలా నాకు తెచ్చిపెట్టిన మర్యాద ఏ ఇత్తడి బండీ తెచ్చేది కాదు. మా అత్త వంట మానేసి, ఒక్కో గుర్తు మీదా వేలు పెట్టి, "ఇదెవరిల్లు? వాళ్ళకు పిల్లలెంతమంది?" అని అడిగేది. చెప్పీ చెప్పీ మా ఊరు ఆమెకు కూడా ఊరైపోయింది. చెబుతున్నకొద్దీ నాకే అర్థమవుతూ వచ్చింది, ఆయన నాకేమిచ్చాడో.

ఆర్నెల్లకు పుట్టింటికి వెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మట్టిగోడ పక్కకు పరిగెత్తాను. తలుపుకు తాళం. బొగ్గుల గుంట నిండా ఎండుటాకులు. "బళ్ళారి దిక్కు పోయినారమ్మా మొగుడూ పెండ్లామూ" అన్నాడు నాయన. "కళాయి పెట్టిచ్చుకునేవాళ్ళు యాడుండారు ఈ కరువులో? ఉండిన ఆఖరు తగరం నీ తపేలాకే పెట్టినాడు. ఇంక నాకీడ పని లేదన్నా అని పోయినాడు." మర్యాదకు చేశాడేమో అనుకున్నాను అప్పుడు. అయినా గోడ పట్టుకుని ఏడ్చాను.

తర్వాత వానలు పడ్డాయి, బావి నిండింది, ఆయన రాలేదు. మా ఆయనతో బళ్ళారికి వెళ్ళిన ప్రతిసారీ సందు సందులో చెవి ఒగ్గి నిలబడేదాన్ని, "కళాయీ..." అన్న ఆ సాగదీత వినబడుతుందేమోనని. ఒకసారి వినబడింది కూడా. పరిగెత్తుకుంటూ వెళ్తే వేరే మనిషి. నా తపేలాకు మాత్రం ఇంకొకరిచేత కళాయి పెట్టించలేదు. ఎందుకంటే చెప్పలేను, మనసొప్పలేదు. అందుకే అందులో పులుపు వండకుండా, పండగలకు మాత్రమే తీసేదాన్ని.

ఆరేడేళ్ళకు కళాయి అరిగిపోతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం చింతపండుతో తోముతుంటే, లోపల అడుగున, సరిగ్గా నడుమ, వేలికి ఏదో తగిలింది. సొట్టేమో అనుకుని వెలుగులోకి తిప్పి చూశాను. చుక్క. ఒకే ఒక్క చుక్క. తగరం పట్టించకముందే కొట్టి, దాని మీద కళాయి పూసి కప్పేశాడు. అందరివీ అంచున, అందరికీ కనబడేటట్టు. తనది అడుగున, మంట తగిలే చోట. ఊరికే వచ్చే గొంతు కాదు, తన బతుకుతెరువులో మిగిలిన ఆఖరు కడ్డీ ఆయన చదివింపు. నా మాట విన్న మర్నాడే అది పెట్టాడు, ఎవరికీ చెప్పకుండా పెట్టాడు.

ఏడ్చి ఏడ్చి లేచాను. తపేలా వేలితో ఠంగుమని మోగించి, ఒంటరిగా ఆ వంటింట్లో, నా గొంతు ఎంత లేస్తే అంత ఎత్తి, "కాసీం సాబు ఇంటి నుంచీ... కళాయీ!" అని అరిచాను. దొడ్లో ఉన్న మా ఆయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. గడపలో నిలబడిన మా అత్త అడుగునున్న చుక్కను చూసింది. నా పెళ్ళి చదివింపులు ఆనాటికి పూర్తయ్యాయని ఆమెకు అర్థమైంది. వచ్చి ఆ చుక్క మీద వేలు పెట్టింది.

అప్పటినుంచీ ఏ పెళ్ళికీ నేను పాత్ర ఇవ్వలేదు. ముందు ఆ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుంటాను, ఏం లేదో చూస్తాను. ఒక పిల్లకు బావి చేద, మోకు ఇచ్చాను. ఒకమ్మాయికి పుట్టింటి నుంచి వచ్చే ఉత్తరాలు ఏడాది పాటు చదివిపెట్టి, అక్షరాలు కూడా నేర్పించాను. ఇంకొకరికి కానుపుకు నెల రోజులు వంట చేసి పెడతానని మాటిచ్చి, చేశాను. నవ్వినవాళ్ళు నవ్వారు. మొన్న అంగట్లో నేను మరిచిపోబోయింది అదే.

నిన్న పక్కింటికి వెళ్ళి కూర్చున్నాను. పెళ్ళికూతురి తల్లి మంచాన పడి మూడు నెలలైందట. తండ్రి తెల్లవారకముందే పనికి పోతాడట, పిల్ల అత్తగారింటికి వెళితే ఆమెకు పొద్దున్నే గ్లాసు నీళ్ళిచ్చే దిక్కు లేదట. ఆ పిల్ల భయమంతా అదే. "నువ్వు నిశ్చింతగా పో తల్లీ, పొద్దున్నే నేనొస్తాను" అన్నాను. చదివింపుల్లో ఏం రాయమంటారని వాళ్ళ నాన్న అడిగాడు. ఏమీ రాయొద్దన్నాను.