గోళం పడిన పాక, మేడం రాసిన అర్జీ

సోమవారం ఉదయం ఏడింటికి మా మేడం కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ లేవలేదు. డాక్టరు సూసి పోయినాడు. ఇంక లేదంట" అంది. నాకు అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే కదా మేడం నాతో మాట్లాడారు! "పదిన్నరకల్లా కలెక్టరాఫీసు కాడ ఉండాల. ఆలస్యం చేస్తే ఊరుకోను" అని గదమాయించారు. ఆటో ఎక్కాక, బయల్దేరానని చెప్పడానికి అలవాటుగా మేడం నంబరే నొక్కాను. వాళ్లింట్లో ఎక్కడో మోగుతున్న ఆ ఫోన్‌ను ఎవరూ ఎత్తలేదు.

తిరుపతి లా కాలేజీలో ఆమె మాకు అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పేవారు. కొప్పులో పెన్ను గుచ్చుకుని, వేరుశనక్కాయలు వొలుస్తూ పేపర్లు దిద్దేవారు. మొదటి రోజు నన్ను లేపి, "చంద్రుడి మీద జెండా నాటితే ఆ నేల నాటినోళ్లదేనా?" అని అడిగారు. అవునన్నాను. "కాదు. పోయి చూసి రావచ్చు, నాది అనకూడదు. దేశాలన్నీ కూచోని ఒప్పుకున్న మాట ఇది" అన్నారు. ఆ ఒప్పందంలో మేం ఏ వాక్యం చదివినా "మీ అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పు" అనేవారు.

నిరుడు చంద్రగిరి దగ్గర ఒక రైతు పాక మీద ఇనప గోళం పడింది. లోపల కట్టేసిన చూడి ఆవు చచ్చిపోయింది. గోళం మీద ఏదో పరాయి భాష అక్షరాలున్నాయి. ఊళ్లో వాళ్లు పసుపు పూశారు, పాత ఇనుము కొనేవాడు బేరానికొచ్చాడు. రైతు ఏ ఆఫీసుకెళ్లినా ఒకటే మాట: "ఆకాశం నుంచి పడిందానికి ఎవురిని అడుగుతావప్పా?" నా దగ్గరికొస్తే, వకీలునైన నాకూ తెలియలేదు. అతన్ని మేడం దగ్గరికి తీసుకెళ్లాను.

"ఆకాశం ఎవురిదీ కాదు. ఆ గోళం మాత్రం పంపిన దేశానిదే. నష్టానికి జవాబు చెప్పాల్సింది కూడా ఆ దేశమే. మన ప్రభుత్వం వాళ్లని అడగాల, అదీ ఏడాది లోపల" అన్నారు మేడం. ఆ అక్షరాలు పట్టుకుని నెలల తరబడి వెతికి, అది ఏ దేశపు రాకెట్టుదో తేల్చారు. ఆ సోమవారం కలెక్టరు ద్వారా ఢిల్లీకి అర్జీ పంపాలనుకున్నాం; అప్పటికి గడువు ఇరవై రోజులే మిగిలింది.

నేను వెళ్లేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. కొప్పులో పెన్ను లేదు. కబురు తెలిసి రైతు నేరుగా అక్కడికే వచ్చాడు. "నిన్న కూడా ఫోన్ చేసినారే! ఆవు ఫోటో మరిచిపోవద్దన్నారే!" అని నా మొహం చూస్తూ అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. తెచ్చిన ఫోటోను నా ముందుకు చాపాడు.

మేడం కూతురు లోపలికెళ్లి ఫైలు తెచ్చింది. "అంతా రాసిపెట్టింది అక్కా. మీరు పోయి ఇచ్చిరాండి. వచ్చేదాకా అమ్మను తీసుకుపోము."

వెళ్లాం. ఇచ్చాం. గుమాస్తా ముద్ర వేసి రసీదు చించి ఇస్తుంటే, 'చూడండి మేడం' అనబోయి పక్కకు తిరిగాను. అక్కడ రైతు ఒక్కడే ఉన్నాడు. ఆ కాగితాలు గడువులోపే ఢిల్లీకి చేరాయి. అక్కడి నుంచి జవాబు ఇంకా రాలేదు.

తిరిగొచ్చేసరికి పాడె సిద్ధంగా ఉంది. రైతు ముందుకొచ్చి భుజం పెట్టబోతే బంధువొకాయన ఆపి, "ఎవురబ్బా నువ్వు? ఏమవుతావు?" అన్నాడు.

"నా తరపున మాట్లాడినారు సామీ" అన్నాడతను.

బంధువు పక్కకు జరిగాడు. చెప్పులు విడిచేసి, కాలుతున్న తారు రోడ్డు మీద, ఎత్తు సరిపోక భుజం కాస్త పైకెత్తి పట్టుకుని, అతను శ్మశానం దాకా తన చోటు ఎవరికీ ఇవ్వకుండా నడిచాడు.