మేం పోసిన ఒడి బియ్యం

దానాలు చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పదకొండేళ్ళు వాళ్ళ మధ్యే పనిచేశాను కాబట్టి ఆ మంటకు నాకు హక్కు ఉందనే అనుకుంటాను. శామీర్‌పేట దాటాక ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హోంలో ఆఫీసు పని చూసేదాన్ని. ఫోన్లు ఎత్తడం, కాయితాలు రాయడం, పుట్టినరోజు కేకులు పట్టుకొచ్చే పెద్దమనుషులను పిల్లల దగ్గరికి తీసుకుపోవడం, వాళ్ళు పోయాక నేలకంటిన క్రీము తుడిపించడం. పొద్దున మేడ్చల్‌లో మా ఇంటి నుంచి పోతే సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని.

పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్ల ఆ హోంలో ఉండకూడదు. అది ట్రస్టు పెట్టిన నియమం కాదు, ప్రభుత్వం పెట్టింది. అట్లా బయటపడ్డ పిల్లలు రోడ్డున పడకూడదని మావాళ్ళు ఊరూరా చందాలు పోగుచేసి, హోం వెనక వేరే గేటు పెట్టి మూడు గదులు కట్టించారు. ప్రారంభానికి రెండు టెంట్ల నిండా జనం వచ్చారు. ఆ గదుల్లో ఒక్క పిల్ల కూడా ఒక్క రోజు పడుకున్న పాపాన పోలేదు. జనం ఇచ్చిపోయిన పాత బట్టల మూటలు పడుకున్నాయి, చక్రాల్లేని సైకిళ్ళు పడుకున్నాయి, ఫంక్షన్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. ఎవరన్నా అడిగితే 'సర్దిస్తున్నాం' అనేదాన్ని. నాలుగేళ్ళు అదే మాట అన్నాను.

మా అధ్యక్షురాలు ఆ చుట్టుపక్కల పొలాలున్న ఇంటి ఆడబిడ్డ. పొలాలు ప్లాట్లయ్యాక ఆమెకు తీరిక దొరికింది, ఆ తీరికను మాకు ఇచ్చింది. మనసు చెడ్డది కాదు. పిల్లలకు జ్వరమొస్తే తన కారులోనే ఆస్పత్రికి తీసుకుపోయేది. చెడ్డదే అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆ నాలుగో యేడు పద్దెనిమిది నిండింది ఒక్క పిల్లకే. జవహర్‌నగర్‌లో చెత్త డంపు పక్క బస్తీలో తల్లి చనిపోతే, ఐదేళ్ళ పిల్లను ఇరుగుపొరుగువాళ్ళు తెచ్చి అప్పజెప్పారు. నెమ్మదస్తురాలు. జీడిమెట్లలో మందులు ప్యాకింగ్ చేసే చోట ట్రస్టువాళ్ళే పని చూపించారు. ఉండేచోటు మాత్రం తనే చూసుకోవాలన్నారు. గాజులరామారంలో తోటి పనిపిల్ల ఒకతె తన గదిలోకి రమ్మంది. ఇంకేం, మా బరువు దిగిపోయింది.

పంపేముందు అధ్యక్షురాలికి ఒక ఆలోచన వచ్చింది. "మన బిడ్డను ఉత్త చేతుల్తోటి పంపుతమా? ఒడి బియ్యం పోసి పంపుదాం."

మా దిక్కు ఒడి బియ్యం పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ ఆమె ఒళ్ళో పోసి, వండుకుని నలుగురికీ పెట్టుకొమ్మని అత్తారింటికి సాగనంపుతారు. అందుకే వంటావిడ చేతిలో గరిట అట్లాగే పట్టుకుని అడిగింది. "పెండ్లిగాని పిల్లకు ఒడి బియ్యమేందమ్మా? ఏడన్న ఉన్నదా?"

"పెండ్లయితేంది, గాకుంటేంది? గీ పిల్లకు పుట్టిల్లు మనమే గదా," అంది అధ్యక్షురాలు.

"గట్లయితే యాదికుంచుకోవాలె మరి. ఒడి బియ్యం పోసినోళ్ళు బిడ్డ ఎప్పుడొచ్చినా తలుపు తియ్యాలె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆకుపచ్చ చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టారు. పట్టుచీరల్లో వచ్చిన ఆడవాళ్ళంతా వరసగా పోశారు. ఫొటో సరిగా రాలేదంటే ఇద్దరు ముగ్గురు మళ్ళీ పోశారు. ఆ పిల్ల ప్రతి ఒక్కరి కాళ్ళకూ మొక్కింది, నా కాళ్ళకు కూడా. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, రెండు చేతులతో ఒడి పట్టుకుని ఉంది. స్టీలు బిందె, గిన్నెలు, చిన్న గ్యాస్ స్టవ్వుతో ఆటో ఎక్కించి చేతులూపాం. ఆ సాయంత్రం నాకూ ఏదో మంచిపని చేసినట్టే ఉంది. సిగ్గులేకపోతే సరి.

రెండు నెలలు తిరగకముందే ఒక మధ్యాహ్నం ఆఫీసు గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. భుజాన బట్టల సంచి, చేతిలో బియ్యం మూట. మనిషి సగమైంది.

"ఓనరమ్మ ఎల్లగొట్టింది మేడం," అంది. "మీ అమ్మానాయిన ఎవరు, మీరేమోళ్ళు, ఏం కులం అని అడిగింది. తెల్వదన్న. గట్లాంటోళ్ళను పెట్టుకోం అన్నది. నాతోని ఉన్న పిల్లను గూడ పరేషాన్ జేస్తాంది. ఇంకో ఏడెనిమిది ఇండ్లు తిరిగిన. హాస్టల్‌ల అడిగితే తల్లిదండ్రుల సంతకం కావాలన్నరు. మూడు రోజుల సంది బస్టాండ్‌లనే ఉంటున్న."

"బియ్యం వండుకోలేదా?" అన్నాను. ఆ పిల్ల చెప్పిందానికి నేను అడగాల్సింది అదేనా? కానీ నోటికి అదే వచ్చింది.

"మన ఇల్లంటూ ఉంటే వండి నలుగురికి పెట్టాలె గదా అని దాసిన." తర్వాత ఏ మెలికా లేకుండా, చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. "మీరు ఒడి బియ్యం పోసిన్రు గదా మేడం. పుట్టిల్లు మనమే అన్నరు. గందుకే వచ్చిన. వెనక గదులల్ల ఒక మూలకు పండుకుంట."

దెప్పిపొడవడానికి అనలేదు. నిజంగా నమ్మింది. అంతమందిలో ఆ మాటను నమ్మింది ఆ పిల్ల ఒక్కతే.

అధ్యక్షురాలికి ఫోన్ చేశాను. "అయ్యో పాపం," అంది, మనస్ఫూర్తిగానే. "కానీ ఒక్కదానికి తలుపు తీస్తే రేపు అందరొస్తరు. గా బట్టలన్ని ఏడ పెడదాం? మంచిగ నచ్చజెప్పు. కడుపునిండ అన్నం పెట్టి పంపు."

అన్నం పెట్టాం. పెట్టడం మాకు బాగా వచ్చు. వంటావిడ అడక్కుండానే రెండోసారి వడ్డించింది, నా వైపు మాత్రం చూడలేదు.

గేటు దాకా నేనే తోడు వెళ్ళాను. గేటు దగ్గర ఆగి ఆ పిల్ల, "మేడం, వంటమ్మ చెప్పింది, మీ ఇంటి మీద రూము ఖాళీ అయిందట గదా. కిరాయి ఇస్త. నెలనెల ఇస్త," అంది.

ఖాళీ అయిన మాట నిజమే. కిందటి వారమే సున్నం కూడా వేయించాం. ఆ క్షణంలో నా బుర్రలో ఏమేం తిరిగాయో దాచుకోను. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి తిరిగాడు. ఎదురింటివాళ్ళు ఎవరీ పిల్ల అని అడగడం తిరిగింది. రేపు ఏదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుందన్న భయం తిరిగింది. ఆ ఓనరమ్మకు తిరిగినవే నాకూ తిరిగాయి. ఆమె ముఖం మీదే చెప్పింది, నాకు ఆ ధైర్యం కూడా లేదు.

"మా ఆయన్ని అడిగి చెప్త బిడ్డా," అన్నాను.

ఆ పిల్ల కొంచెం నవ్వింది. "అడగకున్రి మేడం. ఏ ఇంట్ల అడిగినా అక్కలందరు గదే మాట అంటున్నరు. ఆయనలు ఎవ్వలు ఒప్పుకుంటలేరంట." సంచి భుజాన సర్దుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచింది. తర్వాత ప్యాకింగ్ పనికి కూడా రావడం లేదని తెలిసింది. ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకలేదు.

ఆ రోజు ఇంటికి పోయాక మా ఆయన్ని నేను ఏమీ అడగలేదు. అడిగితే ఒప్పుకుంటాడని నాకు తెలుసు.